గ్లాసు కింద సన్నజాజి

బాపయ్యకు బస్సులో డ్రైవరు పక్క సీటంటే మోజు. అక్కడ కూర్చుంటే బస్సు తనే నడుపుతున్నట్టుంటుంది. ఎదురొచ్చే లారీకి తనే దారివ్వాలి, గేదెలు అడ్డమొస్తే తనే అదిలించాలి. ఆ బుధవారం పర్చూరులో ఎక్కినప్పుడు కూడా నలుగురినీ తోసుకుని ఆ సీటే పట్టాడు. ఒళ్ళో పెట్టుకోమని భార్య కోటిరత్నం మరీ మరీ చెప్పిన తడి గోనెపట్టా మూటను కాసేపు ఒళ్ళోనే పెట్టుకున్నాడు. పంచె తడుస్తోందని చిలకలూరిపేట రాకముందే తీసి ఇంజను బానెట్ మీద పడేశాడు. గుంటూరు వచ్చేదాకా దాని సంగతి మళ్ళీ తలుచుకుంటే ఒట్టు.

మూటలో ఉన్నవి సన్నజాజి కొమ్మలు. ఇంటి ముందు పందిరి మీది తీగ నుంచి కోటిరత్నం కోసి, గోనెపట్టా తడిపి చుట్టి, "ఇవి అమ్మాయికివ్వండి, నాటుకుంటుంది" అంది. ఎక్కడ నాటుకుంటుందో ఆవిడ అనలేదు, ఈయన అడగనూ లేదు. అడగడానికేముంది? ఆదివారం నాడు కూతురు భవ్యను వేటపాలెంలో అత్తారింట్లో దింపాలని పెద్దమనుషులు తేల్చేశారు. కాపురానికి వెళ్ళే పిల్లతో పుట్టింటి పందిరి కొమ్మ పంపడం వాళ్ళ ఇళ్ళల్లో ఆనవాయితీ. పెళ్ళప్పుడు పంపింది బతకలేదు గనక ఈసారి మూటెడు పంపుతోందని బాపయ్య తనకు తానే అర్థం చెప్పుకున్నాడు.

భవ్య బ్రాడీపేటలో ప్రేమమ్మగారి మేడ మీద గదిలో అద్దెకుంటోంది. రెండు నెలల కింద ఒక్క సూట్‌కేసుతో భర్త త్రినాథ్ ఇంట్లోంచి వచ్చేసి, పుట్టింటికి కూడా పోకుండా ఇక్కడ దిగింది. వీధి చివరి డీటీపీ సెంటర్‌లో పెళ్ళిపత్రికలూ, కాలేజీల ప్రశ్నపత్రాలూ టైపు చేస్తుంది. ఎందుకొచ్చావే అని ఎవరడిగినా ఒకటే మాట: "ఉండలేక వచ్చాను."

భవ్య మూట విప్పింది. ఆకులు ఉడికిన తోటకూరలా వేలాడుతున్నాయి. కొసలు నల్లబడ్డాయి.

"ఏంటి నాన్నా, పొయ్యి మీద పెట్టి తెచ్చావా?"

"బస్సులో వేడికి కాస్త వాడాయి. అంతమాత్రానికే?" అన్నాడు బాపయ్య. "కాస్త నీళ్ళు చూపించు, లేస్తాయి. మిరపనారు ఇంతకంటే వాడుతుంది. నాటిన మర్నాడే లేచి నిలబడదూ?"

"నారుకి వేళ్ళుంటాయి నాన్నా. వీటికి ఏమున్నాయి?"

ఆమె కొమ్మల్ని బకెట్ నీళ్ళలో ఏటవాలుగా పడుకోబెట్టి, పైన తడి తువ్వాలు కప్పింది. ఆ పనిలో ఉండగానే బాపయ్య మొదలుపెట్టాడు. అసలు ఏం జరిగింది? త్రినాథ్ తాగుతాడా? ఇంకెవరితోనైనా తిరుగుతున్నాడా? మరి అత్తగారా? చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? చెప్పు, నాతో కాకపోతే ఎవరితో చెప్తావు? భవ్య తువ్వాలు అంచులు సరిచేస్తూ ఉండిపోయింది. ఆయన అన్నం తింటూ అడిగాడు, చెయ్యి కడుక్కుంటూ అడిగాడు, ఆమె మంచం ఆయనకిచ్చి కింద చాప పరుచుకుంటుంటే మళ్ళీ అడిగాడు.

"పడుకో నాన్నా. పొద్దున్నే పనికెళ్ళాలి" అంది.

మర్నాడు ఆమె పనికి వెళ్ళిపోయాక బాపయ్యకు కాళ్ళూ చేతులూ కట్టేసినట్టయింది. ఊళ్ళో ఆ వేళకు పత్తి చేలో గుంటక పట్టుకుని ఉండేవాడు. మిరపనారు అదనుకొచ్చింది. ఒక్క వాన పడితే నాటు మొదలు, పడకపోతే నారు ముదిరిపోతుంది. ఆయన కిటికీ తెరిచాడు, మూశాడు. ఎదురుగా కోచింగ్ సెంటర్‌లో పిల్లలంతా ఏదో సూత్రం ఒక్కసారిగా అరుస్తున్నారు. డాబా ఎక్కి పడమటి దిక్కు మబ్బుందేమోనని చూశాడు. తమ ఊరి మబ్బు అక్కడికి కనపడుతుందా అని మనం అడక్కూడదు. కిందికి దిగాడు. మళ్ళీ ఎక్కాడు. కాలు కాలిన పిల్లిలా అలా తిరుగుతుండగా బకెట్ మీద తువ్వాలు కనిపించింది.

ఎత్తి చూస్తే కొమ్మలు కాస్త తేరుకున్నట్టున్నాయి. అంత వ్యవసాయం చేసినవాడు ఇంట్లో ఉండగా మొక్కలు బకెట్‌లో మునిగి ఉండడమేమిటనిపించింది. చెప్పులేసుకుని బయల్దేరాడు. దారిలో ఇల్లు కడుతున్న చోట ఇసుకా మట్టీ అడిగి తెచ్చాడు. ఎరువుల కొట్లో గుప్పెడు యూరియా, చిన్న సీసా పురుగుమందు కొన్నాడు. ప్రేమమ్మగారి మెట్ల కింద పాత రంగుడబ్బాలుంటే అడక్కుండానే పైకి మోసుకొచ్చాడు. మిరపనారు నాటేముందు వేళ్ళు మందునీళ్ళలో ముంచడం ఆయనకు అలవాటు. అలాగే సగం కొమ్మల్ని ముంచి తీశాడు. డబ్బాల్లో మట్టి నింపి నాటాడు. మొదళ్ళలో తలా చిటికెడు యూరియా వేసి, నీళ్ళు పొంగేలా పోసి, డాబా మీద మంచి ఎండ తగిలేచోట వరసగా పెట్టాడు. ఆ వరస చూసుకుని, వచ్చినప్పటినుంచీ మొదటిసారి తృప్తిగా చుట్ట వెలిగించాడు.

ఆ తృప్తి చుట్ట ఉన్నంతసేపు కూడా లేదు. వేరు పడుతోందో లేదో! ఒక కొమ్మను మెల్లగా పైకి లాగి కొస చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ గుచ్చాడు. కాసేపటికి ఇంకోటి లాగాడు. మధ్యాహ్నం భోంచేసి వచ్చి అన్నీ వరసగా లాగి చూశాడు. సాయంత్రం భవ్య వచ్చేసరికి డబ్బాల్లో పుల్లలే ఉన్నాయి. ఆకులు ముట్టుకుంటే పొడి అయ్యాయి.

ఆమె వెనకే ఇంటావిడ ప్రేమమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ గొంతు ఇప్పటికీ చివరి బెంచీదాకా వినిపిస్తుంది. "అన్నయ్యగారూ, డాబా మీద ఏం తగలేశారండీ? ఆ మందు వాసన నా వంటింట్లోకి వచ్చింది. పప్పు పారబోద్దామా తిందామా అని చూస్తున్నా."

"మొక్కలకండీ..." అన్నాడు బాపయ్య.

"పుట్టని బిడ్డకి సూదిమందా?" అని ఆవిడ డబ్బాలకేసి చూసి, ఇంకేమీ అనకుండా భవ్య భుజం మీద చెయ్యేసింది. భవ్య ఒక పుల్లను తీసి వేళ్ళ మధ్య తిప్పుతోంది. ఏడవడం లేదు, కోప్పడడం లేదు. బాపయ్యకు అదే భరించరానిదిగా తోచింది.

తప్పు చేసినవాడు గొంతు పెంచుతాడు కదా. ఆ రాత్రి కంచం ముందు ఆయన మొక్కల ఊసెత్తలేదు. వేటపాలెం ఊసెత్తాడు. చెంచురామయ్య బావ అంతటివాడు పెద్దమనిషిగా మధ్యలో ఉన్నాడు. ఆదివారం కారు వేసుకుని వస్తాడు. ఊళ్ళో తల ఎత్తుకోవాలా వద్దా? నీకు వెనక ఎవరున్నారు? చెవిలో ఇల్లు కట్టుకుని అలా పోరుతూనే ఉన్నాడు.

"సరే" అంది భవ్య.

"ఏంటి సరే?"

"వస్తాను నాన్నా. ఆదివారం."

ఆయన నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. గెలిచాడు. వచ్చిన పని అయిపోయింది. కానీ ఆ మాట అన్న గొంతు కూతురిది కాదు. పదో తరగతి పరీక్షలప్పుడు తనతో వాదించి, అన్నం మానేసి, చివరికి గుంటూరులో కాలేజీ సీటు తెప్పించుకున్న పిల్ల ఈ పిల్లేనా? మజ్జిగ పోసుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

శుక్రవారం కరెంటు కోత. డీటీపీ సెంటర్ తెరవలేదు. భవ్య బకెట్‌లో మిగిలిన కొమ్మలు ముందేసుకుని కూర్చుంది. "వెళ్ళేలోపు వీటికో దారి చూపిస్తే ప్రేమమ్మగారు చూసుకుంటారు" అంది. బాపయ్య సాయం చెయ్యబోతే, "నువ్వు అక్కడ కూర్చో నాన్నా" అని గోడవైపు చూపించింది. ఆయన కూర్చున్నాడు. కూర్చున్నాడంటే, కాలు ఊపుతూ కూర్చున్నాడు.

ఆమె ఒక్కో కొమ్మనూ నీళ్ళలోనే ఉంచి, కణుపు కిందుగా బ్లేడుతో ఏటవాలుగా కోసింది. నల్లబడ్డ కొసలు పక్కన పడేసింది. కింది ఆకులు గిల్లేసి, పైన రెండే ఉంచి, ఆ రెంటినీ కత్తెరతో సగానికి కత్తిరించింది.

"ఉన్న ఆకులు కూడా తీసేస్తే ఇంకేం మిగుల్తుంది?" అన్నాడు బాపయ్య ఉండబట్టలేక.

"తాగడానికి వేరు లేనప్పుడు ఇన్ని ఆకులకి నీళ్ళెక్కణ్ణించి తెస్తుంది? అమ్మ ఇలాగే చేస్తుంది. నువ్వెప్పుడూ చూళ్ళేదు."

ముప్పై ఏళ్ళుగా ఆ పందిరి కిందే మంచం వేసుకుని పడుకున్నవాడు నిజంగానే ఎప్పుడూ చూడలేదు.

కడిగిన ఇసుకను ప్లాస్టిక్ కప్పుల్లో నింపి, పెన్సిలుతో గుంటలు చేసి, కొమ్మల్ని దించి, చుట్టూ వేలితో అదిమింది. ఇంతలో ప్రేమమ్మ ఒక పళ్ళెంలో గాజుగ్లాసులు పెట్టుకుని వచ్చింది. "క్రిస్మస్‌కి తప్ప బయటికి తియ్యనివి. పండగకల్లా నావి నాకిచ్చెయ్యాలి" అని హెచ్చరించి వెళ్ళింది. భవ్య ఒక్కో కొమ్మ మీదా గ్లాసు బోర్లించింది. గ్లాసులు చాలకపోతే రెండు కప్పులకు బ్రెడ్డు కవర్లు తొడిగి దారం కట్టింది.

అప్పుడు చూశాడు బాపయ్య. దారం చుట్టేటప్పుడు ఆమె ఎడమచేతి చిటికెనవేలు మిగతా వేళ్ళతో పాటు ముడుచుకోలేదు. పుల్లలా పక్కకి నిలబడి ఉంది. ముడి బిగించాల్సి వచ్చినప్పుడు దారం కొస పళ్ళతో పట్టుకుని కుడిచేత్తో లాగింది. ఆ పని ఎంత అలవాటుగా చేసిందంటే, చాలా రోజుల నుంచి అలాగే చేస్తున్నట్టుంది. బావి గట్టు మీద జారిపడి వేలు బెణికిందని ఆమె అత్తగారు ఆ మధ్య చెప్పినప్పుడు, బెణుకే కదా అని అయోడెక్సు రాయమన్నాడు. ఇది బెణుకు కాదు. విరిగి, వంకరగా అతుక్కున్న ఎముక.

ఏమైందే ఆ వేలికి అని అడగడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఆమె గ్లాసులన్నిటినీ ఒక పళ్ళెంలో సర్ది, ఎండ తగలని ఉత్తరం కిటికీ గూట్లో పెట్టి, తలతిప్పకుండానే అంది.

"వీటిని లాగి చూడకు నాన్నా. మొదటి వేరు దారం కంటే సన్నంగా వస్తుంది. చూద్దామని లాగినప్పుడల్లా తెగిపోతుంది. ఇంక అది మళ్ళీ వెయ్యదు."

బాపయ్య తెరిచిన నోరు మూసుకున్నాడు. ఎందుకు మూసుకున్నాడో ఆయనకే సరిగా తెలియదు. ఆ సాయంత్రమంతా ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆయన జీవితంలో అంతకంటే కష్టమైన సాయంత్రం లేదు.

శనివారం పొద్దున గ్లాసుల లోపల సన్నటి నీటి బిందువులు పట్టి ఉన్నాయి. ఆకులు నిలబడలేదు గానీ అంతకంటే వాలిపోలేదు. భవ్య పనికి వెళ్ళాక బాపయ్య చెయ్యి ఎన్నిసార్లు ఆ గూటిదాకా వెళ్ళి వెనక్కి వచ్చిందో! చివరికి ఆ గదిలో ఉంటే లాభం లేదని ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఇంటికి ఫోను చేశాడు.

"వాన పడిందా?"

"లేదు. కొమ్మలెలా ఉన్నాయి?" అంది కోటిరత్నం.

"బ్రహ్మాండంగా ఉన్నాయి. చిగురు కూడా వేస్తున్నాయి."

"మీరు చెప్పేదాన్ని బట్టి సగం పోయినట్టున్నాయి. మిగతా సగం అమ్మాయి చేతిలోనే ఉన్నాయా?"

"ఉన్నాయిలే" అన్నాడు బాపయ్య, బూత్ తలుపు దగ్గరికి లాక్కుని. "ఏమే, రేపు వేటపాలెం తీసుకెళ్ళాలి కదా, కారులో ఆ కప్పులు ఎలా పెట్టమంటావ్?"

"వేటపాలెం ఎందుకు తీసుకెళ్ళడం? వేరు పట్టాలంటే నెల పడుతుంది. పట్టేదాకా కదపకూడదు."

"మరి కాపురానికని పంపావుగా?"

"అలాగని నేనన్నానా?"

గోనెపట్టా చుడుతూ ఆవిడ అన్న మాట బాపయ్య మళ్ళీ గుర్తు చేసుకున్నాడు. నాటుకుంటుంది అంది. అంతే.

"ఆ గదిలో నాటుకోమని పంపావా? ఆ ముక్క నాతో చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే మీరు తీసుకెళ్ళేవాళ్ళా?" అంది కోటిరత్నం. ఆవిడ గొంతులో కోపం లేదు, అలుపుంది. "ఆవేళ పెద్దమనుషుల ముందు రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ నువ్వూరుకో అన్నారు. ఊరుకున్నాను. నాకు చేతనైన పని నేను చేశాను. ఇంక మీ ఇష్టం." ఫోను పెట్టేసింది.

ఆయన అదే రిసీవరు చెవికి ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాడు. బయట ఎవరో తలుపు కొడితే గానీ బయటికి రాలేదు. కోపం వచ్చింది. ఆవిడ మీద వచ్చిన కోపం రెండు వీధులు నడిచేసరికి ఎటు తిరగాలో తెలియక తన మీదికే తిరిగింది.

ఆదివారం మధ్యాహ్నం చెంచురామయ్య అంబాసిడర్ వేసుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా. త్రినాథ్ రాలేదు. జీడిపప్పు సరుకు లారీకెత్తే పని ఉందట.

"ఏమ్మా, సర్దుకున్నావా? నాలుగున్నరకి రాహుకాలం. ఆలోపు బయల్దేరాలి" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "సంసారమన్నాక అటూ ఇటూ అవుతుంది. సర్దుకుపోవాలి. అంతేగా బాపయ్యా?"

బాపయ్య నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ నిలబడ్డాడు. భవ్య మంచం కింద నుంచి సూట్‌కేసు లాగి గుమ్మం పక్కన పెట్టింది. తరవాత గూటి దగ్గరికి వెళ్ళి గ్లాసుల పళ్ళెం రెండు చేతులతో ఎత్తింది. ఎడమచేతి పట్టు చాలక పళ్ళెం ఒరిగింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి.

"కదపకు" అన్నాడు బాపయ్య.

"ప్రేమమ్మగారికి ఇచ్చొస్తా నాన్నా."

"కదపొద్దంటున్నాగా. అక్కడ పెట్టు."

"మొక్కల గోల ఇప్పుడేంటయ్యా!" అన్నాడు చెంచురామయ్య.

బాపయ్య ఆయనవైపు తిరిగాడు. "బావా, దీని చిటికెనవేలు ఎలా విరిగిందో నీకు తెలుసా?"

"తెలియకేం? తలుపు సందులో పడింది. వాళ్ళత్తగారే నాతో చెప్పింది."

"నాతో బావి దగ్గర జారిపడిందని చెప్పింది."

చెంచురామయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. "ఏదో ఒకటిలే. పనిపాటలున్న కొంపలో దెబ్బలు తగలవా?"

"ఏదో ఒకటి ఎలా అవుతుంది? ఉన్నది ఒక్క వేలు. అది రెండు చోట్ల ఎలా విరుగుతుంది బావా?" బాపయ్య వెళ్ళి సూట్‌కేసు మీద చెయ్యి వేశాడు. "అమ్మాయి రాదు."

"రాదా? మరెప్పుడొస్తుంది?"

"దానికి రావాలనిపిస్తే వస్తుంది. అనిపించకపోతే లేదు."

"నిన్నటిదాకా వస్తుందన్నావు! నలుగురిలో నా మాటేం కావాలి?"

"బాపయ్య మాట తప్పాడని చెప్పు. తిట్టేవాళ్ళు నన్ను తిడతారు. ఊళ్ళో ఉండేది నేనేగా, పడతాను."

చెంచురామయ్య లేచాడు. గుమ్మంలో ఆగి, "నీకు మతి పోయింది. దీని బతుకు నువ్వే పాడు చేశావని రేపు నువ్వే ఏడుస్తావు" అన్నాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు, తరవాత కారు తలుపు ధడాలున వేసిన చప్పుడు వినిపించాయి. నిజంగానే పాడు చేశాడేమో తను! ఊరికి తిరిగి వెళ్ళాల్సిన కారు కూడా అదే. అయినా సూట్‌కేసు ఎత్తి మంచం కిందికి, గోడకి తగిలేదాకా తోశాడు.

తరవాత కిటికీ కింద నేల మీద చతికిలబడ్డాడు. కోచింగ్ సెంటర్‌కి సెలవు కావడంతో వీధిలో అలికిడి లేదు. అరచెయ్యి దూరంలో గ్లాసులున్నాయి. ఒకదాని లోపల నీటి బొట్టు పైనుంచి మెల్లగా జారి ఇసుకలో ఇంకింది. ఆయన రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. కూతురివైపు చూడలేదు. ఏమీ అడగలేదు.

భవ్య వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు తన వేలినే చూసుకుంది.

"బావి దగ్గరా కాదు నాన్నా. తలుపూ కాదు" అంది.

బాపయ్య చంకల్లో చేతులు ఇంకా బిగించాడు.

"అమ్మకి ఫోను చేస్తున్నాను. అమ్మ అవతల హలో అంది. వెనకనుంచి వచ్చి రిసీవరు లాక్కున్నాడు. ఫోను బల్ల మీద ఈ చెయ్యి అదిమిపట్టి, ఆ రిసీవరుతోనే..." ఆమె ఆగింది. "నేను అరిచాను. లైను తెగలేదు నాన్నా. అమ్మ అంతా విన్నది."

పెద్దమనుషుల ముందు గుమ్మం వెనక నిలబడి కోటిరత్నం రెండుసార్లు చెప్పబోయిన మాట అదన్నమాట. నువ్వూరుకో అన్నాడు తను. బాపయ్య కళ్ళు నిండాయి. లేచి వేటపాలెం పరిగెత్తాలనిపించింది. గోడ గుద్దాలనిపించింది. ఎవరినో ఒకరిని కొట్టాలనీ, కాదు, తననే ఎవరైనా కొడితే బావుండుననీ అనిపించింది.

"అదొక్కరోజే కాదు నాన్నా. మొదటి నుంచీ చెప్తాను" అంది భవ్య. ఆమె గొంతు సన్నగా ఉంది, కానీ ఆమెదే.

సాయంత్రం పర్చూరు బస్సు వేళ దాటిపోయింది. బాపయ్య ఆ గోడ దగ్గర నుంచి కదల్లేదు.